ఆఖరుగారి చీటీ

మా రేవులో నాకొక పేరుండేది. అమ్మానాన్నలు పెట్టింది కాదు, ఆధార్ కార్డులో ఉన్నదీ కాదు. పొద్దున్నే డీజిలు క్యాను పట్టుకుని నేను రేవు మెట్లు దిగుతుంటే పడవల వాళ్ళలో ఎవరో ఒకరు గొంతెత్తి, “ఆఖరుగారొచ్చేరండోయ్!” అనేవారు. కోనసీమలో ఎటకారానికి కూడా గారు తగిలిస్తారు, తిట్టినా అండీ అనే తిడతారు. అంత మర్యాదగా అన్నాక తిరిగి అనడానికి నోరు రాదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. నాకు కోపం ఇట్టే వస్తుంది, పోవడానికే టైము పడుతుంది.

ఆ పేరు ఎందుకొచ్చిందో తెలియాలంటే ముందు మా రేవు చీటీల సంగతి తెలియాలి. దిండి దగ్గర గోదావరి పాయలో టూరిస్టులను తిప్పే ఇంజను పడవలు మా రేవులో పన్నెండు. పెద్ద పెద్ద హౌస్‌బోట్ల కథ వేరు. మావి ఎనిమిది పది మందిని ఎక్కించుకుని లంకల పక్కగా ఓ చుట్టు తిప్పి తీసుకొచ్చే చిన్న పడవలు. ఏ పడవ ముందు, ఏ పడవ తర్వాత అన్నది ప్రతి పొద్దునా చీటీలు తీసి తేలుస్తారు. కార్తీక మాసంలో వనభోజనాలకు వచ్చేవాళ్ళంతా పొద్దున్నే దిగుతారు. మొదటి ఆరు పడవల్లో వంతు పడిందా, మధ్యాహ్నంలోపు రెండు మూడు చుట్లు తిరగొచ్చు. తర్వాతి ఆరులో పడితే లైఫు జాకెట్లు దులుపుకుంటూ కూర్చోవాలి. ఒక్కోరోజు ఖాళీ పడవతోనే ఇంటికి పోవాలి.

మా పడవ మామగారిది. కోడలినైనా నాకు చుక్కాని పట్టడం నేర్పింది ఆయనే. ఎక్కడ ఇసుక మేట వేస్తుందో, పోటు నీరు ఎప్పుడు తిరుగుతుందో, పిల్లలు ఒకే పక్కకు చేరి ఫోటోలు తీసుకుంటుంటే పడవను ఎలా నిలకడగా ఉంచాలో అన్నీ చెప్పారు. మా ఆయన కువైట్‌లో క్రేను నడుపుతారు. మామగారు పోయాక పడవ నా పేరు మీదికి మారింది. నేను రేవులో అడుగు పెట్టాను, మా పడవ ఆఖరు వంతుల్లో పడింది. మామగారి రోజుల్లో అందరితోపాటు ముందూ వెనకా వచ్చిన పడవ, నా చేతికి రాగానే పదకొండో పన్నెండో అయి కూర్చుంది.

“ఆడగాలి సోకిందండి పడవకి,” అన్నారు మా పక్క పడవ ఆయన. వరసకు నేను అన్నయ్యగారూ అని పిలుస్తాను. రేవులో ఎటకారాలకు ఆయనే పెద్ద దిక్కు, ఆఖరుగారు అన్న పేరు కూడా ఆయన పుణ్యమే. “టైము బాగోపోతే అరటిపండు తిన్నా పన్నూడుద్దంటారు. చెల్లెమ్మ గారు చెయ్యెడితే చెంబులో చీటీ కూడా కిందకి దిగిపోతందండి, ఆయ్.”

అందరూ నవ్వారు. ఆ నవ్వు అక్కడితో ఆగితే నేనూ ఓర్చుకునేదాన్ని. అది ఫోనెక్కి కువైట్ దాకా పోయింది.

మా ఆయన మంచి మనిషి, కానీ దూరాన ఉన్నవాడికి నలుగురు చెప్పిందే నిజం. వీడియో కాల్లో తల గోక్కుంటూ, “కలిసిరాని పడవని పట్టుకుని ఎందుకు ఏలాడ్డం? నగరం ఊరి నుంచి ఒకాయన అడుగుతున్నారు. చేపల చెరువుల్లో మేత మొయ్యడానికంట. కార్తీకం వెళ్ళగానే ఇచ్చేద్దాం,” అన్నారు.

చేపల మేత మోయడానికి! మామగారు ప్రతి ఏడూ తన చేత్తో రంగు వేసి, ముందు కొమ్ముకు బొట్టు పెట్టిన పడవ అది. ఈ ఊళ్ళో నన్ను ఎవరైనా ఫలానా ఆయన భార్య, ఫలానా ఆవిడ కోడలు అని కాకుండా నన్నుగా చూసే చోటు ఒక్కటే, ఆ చుక్కాని పక్కన. అది పోతే నాకు మిగిలేది వంటిల్లు. వంటిల్లంటే నాకు చిన్నచూపు లేదు, కానీ వంటింట్లో గాలి ఉండదు. ఆ రోజు నేను ఏడ్చాను, ఏడుస్తూనే చేపలు తోమాను.

మర్నాడు ఏడుపు పోయి కోపం వచ్చింది. కోపంతోపాటు అమలాపురంలో చదివిన డిగ్రీ కూడా గుర్తుకొచ్చింది. నేను చదివిన మూడు సబ్జెక్టుల్లో స్టాటిస్టిక్స్ ఒకటి. పెళ్ళయ్యాక దాన్ని ఇస్త్రీ చీర మడతల్లో పెట్టినట్టు ఎక్కడో పెట్టి మరిచిపోయాను. మా మేడమ్ క్లాసులో ఒక మాట పదే పదే చెప్పేవారు. ఏదైనా ఆటలో మోసం ఉందని అనుమానం వస్తే, ముందు మోసం లేదనే అనుకోవాలి. ఆట న్యాయమైనదే అయితే మన కళ్ళ ముందు జరిగింది ఎంత అరుదుగా జరుగుతుందో లెక్క కట్టాలి. మరీ అరుదైతే, అప్పుడు మాత్రమే ఆ నమ్మకాన్ని వదులుకోవాలి. పుస్తకంలో దాన్ని శూన్య పరికల్పన అంటారు. మా అత్తగారికి మాత్రం “దొంగ కాదు అనుకుని మొదలెట్టడం” అని చెప్పాను.

“దొంగ కాదనుకుంటే ఇంక దొంగని పట్టుకునేదెలాగ?” అన్నారు ఆవిడ. ఆవిడకు నాకన్నా ఎక్కువ కోపం, అది మొగుడి పడవ మరి.

“పోలీసోళ్ళలాగ కాదండి అత్తయ్యగారు, జడ్జీగారిలాగ.”

జడ్జీగారి మాట ఆవిడకు నచ్చింది. వెంటనే ఇన్నాళ్ళూ వచ్చిన ఆఖరు వంతులన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టబోయారు. నేను ఆపాను. అనుమానం పుట్టించిన రోజులను సాక్ష్యంలో కలపకూడదు. ఏడుపు వచ్చిన రోజులే మనసులో నిలుస్తాయి, మంచి రోజులు జారిపోతాయి. లెక్క కొత్తగా మొదలుపెట్టాలి. గీత కూడా ముందే గీసుకోవాలి, లేకపోతే వచ్చిన ఫలితాన్ని బట్టి గీతను జరుపుకుంటూ పోతాం. అందుకని మా అత్తగారి అష్టాచమ్మా సంచీలోంచి గవ్వలూ చింతపిక్కలూ తీసుకుని, ఖాళీ ఆవకాయ జాడీ కడిగి ఆరబెట్టాను. మొదటి ఆరులో వంతు పడిన రోజు జాడీలో ఒక గవ్వ, తర్వాతి ఆరులో పడిన రోజు ఒక చింతపిక్క. ఇరవై పొద్దులు. చీటీలు న్యాయమైనవైతే సగానికి సగం, అంటే పది గవ్వలు అటూ ఇటూగా పడాలి. ఐదు గానీ అంతకు తక్కువ గానీ పడితే మాత్రం చీటీల్లో తేడా ఉందని అంటాను. ఎందుకంటే న్యాయమైన చెంబు నాకు అంత అన్యాయం చేయడం వంద సార్లలో రెండు సార్లకు మించి జరగదు.

ఇదంతా మా ఆయనకు ఫోన్లో చెప్పాను.

“మరి ఆరు పడితే?” అన్నారు.

నేనూ తగ్గలేదు. “ఆరు పడితే ఆయన్ని వచ్చి పడవ తీసుకెళ్ళమనండి. సంతకం నేనే పెడతాను.”

మా అత్తగారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. తాడో పేడో అంటారు కదా, ఆ తాడు నా మెడకే వేసుకున్నానని ఆవిడకు అర్థమైంది. జాడీ తీసుకెళ్ళి దేవుడి గూట్లో పెట్టారు.

ఇక మా రేవు పెద్దగారి గురించి చెప్పాలి. ఒకప్పుడు పెద్ద లాంచీలు నడిపే సరంగుగా చేసిన మనిషి. మోకాళ్ళు అరిగాక రేవు గట్టున రేకుల షెడ్డు కింద కూర్చుని చీటీలు రాయడం ఆయన పని. ఆయన చీటీలు రాయడం చూడముచ్చటగా ఉండేది. పాత క్యాలెండరు కాగితం సన్నగా కత్తిరించి, కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో పడవ పేరూ రాస్తారు. కొబ్బరి చిప్పలో తడిపిన పసుపు ఉంటుంది. వేలితో ఒక చుక్క తీసి కాగితం మీద అద్ది, చుట్టచుట్టి పక్కన పలక మీద వరసగా పెడతారు. శుభలేఖ మూలలకు పసుపు రాసినట్టే. పసుపంటని కాగితం చావు కబురు కాగితం అని ఆయన నమ్మకం. ఒక్కో చీటీకీ ఆ పడవ వాళ్ళతో ఒక్కో కబురు. ఇంతలో టీ వచ్చేది. టీ రాగానే అందరికీ తొందర. ఆయన పన్నెండూ ఇత్తడి చెంబులో పోసి, మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి ఆడించి, ఒక్కొక్కటీ తీసి చదివేవారు.

ఫోనులో యాప్ ఉంది, దాంతో తీద్దామని ఒకసారి ఎవరో కుర్రాళ్ళు అంటే, “ఫోనుకి గోదారమ్మ తెలుసా?” అని నోరు మూయించారు. నా మట్టుకు నేను ఆయన్ని మావయ్యగారూ అనే పిలుస్తాను. ఆయన మీద నాకు అనుమానం రాలేదని చెప్పను. వచ్చింది. రాత్రుళ్ళు ఆయన చేతివేళ్ళు కలలోకి వచ్చాయి. కానీ జడ్జీగారి కుర్చీలో కూర్చున్నాక నోరు జారకూడదని ఊరుకున్నాను.

లెక్క మొదలైంది. మొదటి పొద్దు చింతపిక్క. రెండో పొద్దు చింతపిక్క. మూడో పొద్దు నాలుగో వంతు వచ్చింది, జాడీలో గవ్వ పడింది. కడుపు నిండా రెండు చుట్లు తిరిగి ఇంటికి వచ్చి దిగాలుగా కూర్చున్నాను.

“మంచి వంతొచ్చిన రోజున మొహం మాడ్చుకుంటావేంటమ్మా?” అన్నారు అత్తగారు.

నిజమే. వంతు బాగుంటే లెక్క పాడవుతోందని దిగులు, లెక్క బాగుంటే పడవ ఖాళీగా ఉంటోందని దిగులు. ఎటు పోయినా దిగులే. ఏదో ఒకటి కోరుకుంటూ తూకం చూడకూడదని మేడమ్ చెప్పింది అప్పుడు అర్థమైంది. నేను కోరుకున్నా కోరుకోకపోయినా గవ్వ గవ్వే, పిక్క పిక్కే. అదొక్కటే ధైర్యం.

ఖాళీగా పడవలో కూర్చున్న ఒక మధ్యాహ్నం మా అత్తగారు భోజనం క్యారేజీ పట్టుకుని వచ్చి, అసలు ఐదు అన్న గీత ఎక్కడి నుంచి తెచ్చావని నిలదీశారు. ఇరవై చింతపిక్కలు రెండుగా చీల్చి, తెల్లదెంతో నల్లదెంతో వేసి చూపిస్తానన్నాను.

“చింతపిక్క మాత్రం న్యాయమైందని ఎవరు చెప్పేరు?” అన్నారు.

పగలబడి నవ్వాను. అష్టాచమ్మాలో ఎనిమిది పడకపోతే గవ్వలు మార్చేసే మనిషి నోటి నుంచి రావాల్సిన ప్రశ్నే అది. సరేనని పడవ చిల్లర డబ్బాలోంచి ఇరవై రూపాయి బిళ్ళలు తీసి తువ్వాలు మీద వేయడం మొదలుపెట్టాం. బొమ్మ పడితే గవ్వ కింద లెక్క. తొమ్మిది, పదకొండు, పది, ఏడు, పన్నెండు. చేతులు పీకేదాకా ఆవిడ ఒకసారీ నేనొకసారీ వేశాం. ఐదు పడింది, అదీ అరుదుగానే. మూడు మాత్రం ఒక్కసారీ పడలేదు. ఆవిడ బిళ్ళలన్నీ డబ్బాలో పోసి మూత బిగించి, “సరే, గీత బాగానే గీసేవు,” అన్నారు. ఆ సర్టిఫికెట్ నాకు డిగ్రీ కన్నా ఎక్కువ.

ఇరవయ్యో పొద్దు గడిచింది. జాడీ తెచ్చి చాప మీద వంపాం. నల్లటి చింతపిక్కల మధ్య గవ్వలు తెల్లగా, విడివిడిగా కనబడ్డాయి. మూడు. పదిహేడు పిక్కలు, మూడు గవ్వలు. న్యాయమైన చెంబు అయితే వెయ్యి కార్తీకాలకు ఒకసారి జరిగే పని ఇది. పడవ పీడ కాదు, ఆడగాలి కాదు, నా నొసటి రాత కాదు. చెంబులో ఏదో ఉంది! లేచి నిలబడి గట్టిగా అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు, పక్కింటివాళ్ళు మాత్రం పాము వచ్చిందనుకుని కర్రలు పట్టుకుని వచ్చారు.

అత్తగారు కొంగు బిగించారు. “పద, ఆ ముసలాయన సంగతి తేలుద్దాం.”

“ఆగండి అత్తయ్యగారు. చీటీల్లో తేడా ఉందని తేలింది గానీ, ఎవరు చేసేరో తేలలేదండి. ఎందుకు జరిగిందో కూడా తేలలేదు.”

“ఇంత లెక్కేసి అదొక్కటీ చెప్పదా నీ చదువు?”

చెప్పదు. ఆ చదువు తలుపు తెరుస్తుంది, లోపలికి వెళ్ళి వెతుక్కోవలసింది మనమే.

మర్నాడు పొద్దున్నే జాడీ చంకన పెట్టుకుని రేవుకు వెళ్ళాను. వెనక అత్తగారు. చీటీలు చెంబులో పడి, టీ గ్లాసులు చేతుల్లోకి వచ్చాక, అందరి ముందూ గవ్వలూ పిక్కలూ పలక మీద పోసి, ఏం లెక్క కట్టానో, ఎందుకు కట్టానో చెప్పాను. చెప్పడం పూర్తికాకుండానే అన్నయ్యగారు అందుకున్నారు.

“అంటే ఏంటి చెల్లెమ్మా, పెద్దాయన్ని దొంగంటన్నారా?”

పెద్దగారు టీ గ్లాసు కింద పెట్టేశారు.

“మావయ్యగారిని కాదండి. చీటీల్ని అంటున్నాను.”

“చీటీలు రాసేది నేనేగా అమ్మా,” అన్నారు ఆయన. మెల్లగానే అన్నారు. చెంబు నా ముందుకు తోశారు. “ఇదిగో, నువ్వే తియ్యి. నా చెయ్యి ఇందులో ఉండదు.”

అంతకన్నా మంచి పరీక్ష నేను కూడా అడగలేకపోయేదాన్ని. చేతిది తప్పయితే చెయ్యి మార్చాలి. కళ్ళు మూసుకుని చెంబులో చెయ్యి పెట్టాను. మొదటిది ఎవరిదో వచ్చింది. రెండోది. మూడోది. అన్నయ్యగారు ఒక్కో పేరూ గట్టిగా చదువుతున్నారు. ఆరు అయ్యాయి. ఎనిమిది అయ్యాయి. నాది రాలేదు. పది. పదకొండోది అన్నయ్యగారిదే. రేవు రేవంతా గొల్లుమంది.

“రాతండి, రాత! సొంత చెయ్యెట్టినా మారలేదండి!”

మొహం వేడెక్కిపోయింది. మిగిలింది నాదే కదా, తీయడమెందుకని వదిలేసేదాన్నే. కానీ చెయ్యి లోపలే ఉంది, వేళ్ళకు చీటీ దొరకడం లేదు. చెంబు అడుగంతా తడిమాను. ఖాళీ. పక్కకు తడిమితే, అడుగు పైన వంపులో, చీటీ చెంబుకు అతుక్కుని ఉంది. గోటితో గీకాల్సి వచ్చింది. బయటికి తీసి చూసుకుంటే నా వేళ్ళు మూడూ పచ్చగా ఉన్నాయి.

అరచేతిలో నా చీటీ. పక్కన పలక మీద మిగతా పదకొండు. వాటి మీద పసుపు చుక్క ఎండి పొడిపొడిగా రాలుతోంది. నాది మాత్రం తడితడిగా, ముద్దముద్దగా, పెళ్ళికూతురి పాదంలా ఉంది.

“మావయ్యగారండి,” అన్నాను. “నా చీటీకి ఇంత పసుపెందుకండి?”

ఆయన సిగ్గుపడ్డారు. నిజంగానే సిగ్గుపడ్డారు. కండువా అంచుతో కళ్ళజోడు తుడుచుకుంటూ, “నీకు కలిసి రావటం లేదు కదమ్మా,” అన్నారు. “మీ మావగారు నాకు తమ్ముడి లాంటోడు. ఆడపిల్లవి, ముత్తైదువ్వి. నీ చీటీకి పసుపులో రెండు వేళ్ళు ఎక్కువే ముంచుతున్నాను. అయినా రాకపోతంటే ఈ మధ్య ఇంకాస్త పట్టిస్తున్నాను.”

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. పడవ కొత్తగా నా పేరు మీదికి మారింది గనక వరసలో నా చీటీ ఆఖరున రాస్తారు. ముందు రాసినవి గాలికి ఆరిపోతాయి. నాది ఆరేలోపు టీ వస్తుంది, అందరూ తొందరపెడతారు, తడి చీటీ చెంబులో పడి పక్కకు అతుక్కుంటుంది. అది ఆఖరున వచ్చిన కొద్దీ ఆయనకు జాలి, జాలి కొద్దీ పసుపు, పసుపు కొద్దీ ఆఖరు. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. ఇన్నాళ్ళూ నన్ను ముంచింది ఎవరి దొంగతనమూ కాదు, ఒక ముసలాయన దీవెన.

“ఆ మూడు గవ్వల రోజులూ టీ ఆలస్యమైన రోజులే!” అని వెనక నుంచి అత్తగారు కేక పెట్టారు. “పాలు విరిగిపోయేయని టీ కొట్టాయన ఏడిచేడు, నాకు గుర్తుంది!”

నేను అన్నయ్యగారి వైపు తిరిగాను. ఆ నిమిషం కోసమే నాకు దేవుడు ఇంత కోపం ఇచ్చాడనిపించింది.

“అన్నయ్యగారండి, మీకు గాలీ గీలీ ఏమీ సోకలేదు కదండి?”

“నాకేం సోకుద్దండి?”

“అయితే మీ చీటీకి నా పసుపు పెడదాం. నా చీటీకి ఒట్టి చుక్క. తీసేది మీరే.”

పెద్దగారు నిటారుగా కూర్చున్నారు. కొత్త కాగితాలు కత్తిరించారు. అన్నయ్యగారి చీటీని ఆఖరున రాసి పసుపులో ముంచి చుట్టారు. అన్నయ్యగారు చొక్కా చేతులు పైకి మడిచి తీయడం మొదలుపెట్టారు. నా పడవ ఐదో వంతు. ఆయనది పన్నెండు. ఎవరో కిసుక్కుమన్నారు. మళ్ళీ తీశారు. నాది మూడు, ఆయనది పన్నెండు. మళ్ళీ. నాది తొమ్మిది, ఆయనది పదకొండు. ఒకసారి ఆయన చీటీ ఎలాగో ఊడి రెండో వంతులో వచ్చింది, ఆయన ఎగిరి గంతేశారు. ఒక్కసారికి ఏమీ కాదండి, తీస్తూ ఉండండి అన్నాను. టూరిస్టు బస్సు హారను వినబడేదాకా తీయించాను. మళ్ళీ ముందు వంతన్నది ఆయన మొహం చూడలేదు. చివరికి అరచెయ్యి ఎత్తి చూసుకుంటే, గోళ్ళ దాకా పసుపు.

“ఆఖరుగారి చెయ్యి చూసేరా అండీ!” అని గట్టు మీద నుంచి ఎవరో అరిచారు. ఈసారి ఆ పేరు నాది కాదు. రేవు ఊగిపోయింది. అన్నయ్యగారు కూడా నవ్వేశారు, పాపం చెడ్డ మనిషేం కాదు. పచ్చటి చేత్తోనే నాకు దండం పెట్టి, “ఆయ్, ఒప్పుకున్నానండి చెల్లెమ్మా. గాలి లేదు, గీలి లేదు,” అన్నారు.

అక్కడే, అందరి మధ్యలో నిలబడి కువైట్‌కు ఫోన్ చేశాను. మా ఆయన షిఫ్టులో ఉన్నారు, ఎత్తగానే వెనక ఇనుము చప్పుడు. నేను నోరు తెరిచేలోపు అత్తగారు ఫోను లాక్కున్నారు. “ఒరేయ్, ఆ నగరం ఆయనకి చెప్పు. మేత మొయ్యడానికి తట్టలు కొనుక్కోమను. మా పడవ మనుషుల్నే మోస్తది!” అని పెట్టేశారు. పాపం ఆయనకు విషయం సాయంత్రం దాకా తెలియలేదు. తెలిశాక, “నాన్న ఉంటే రేవంతా టీ పోయించేవాడు,” అన్నారు. నాకు అది చాలు.

కాగితం చీటీలు ఆ రోజుతో పోయాయి. అంబాజీపేటలో కొబ్బరి చిప్పతో బొత్తాలూ గరిటెలూ చేసే మనిషి దగ్గర ఒకే మందాన, ఒకే సైజున పన్నెండు బిళ్ళలు చేయించి, వాటి మీద పడవల పేర్లు చెక్కించాం. పసుపు మానేద్దామంటే పెద్దగారు ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు. పసుపు చెంబు మెడకు రాస్తారు, బిళ్ళలకు కాదు. పెద్దగారు ఆ మొదటిసారి చెంబు మెడకు ఎంత శ్రద్ధగా రాశారంటే, అది చెంబు కాదు, పెళ్ళి పీటల మీద కూర్చోబోయే మనిషి అనిపించింది.

బిళ్ళలు ఇంటికి రాగానే మా అత్తగారు వాటిని బోర్లించి, తిరగేసి, నా మొహం వైపు చూశారు.

“ఇవి న్యాయమైనవని ఎవరు చెప్పేరు?”

ఎవరూ చెప్పలేదు కదా మరి. పెరట్లో చాప వేసుకుని గవ్వలూ పిక్కలూ ముందు పెట్టుకుని ఆ మధ్యాహ్నమంతా తీశాం. ప్రతి బిళ్ళా ముందూ వెనకా అందరితోపాటే వచ్చింది. ఏ బిళ్ళ మీదా ఏ దీవెనా లేదు, ఏ శాపమూ లేదు. అప్పుడు గానీ ఆవిడ వాటిని రేవుకు పంపలేదు.

కొత్త బిళ్ళలతో మొదటి పొద్దు. నేను మామగారి పడవ ముందు కొమ్ముకు బొట్టు పెట్టి, డీజిలు క్యాను పట్టుకుని మెట్లు దిగాను. ఎవరూ ఏమీ అనలేదు. నాకు దారి ఇచ్చారు. పెద్దగారు చెంబు ఆడిస్తుంటే బిళ్ళలు గలగలమన్నాయి. ఆ చప్పుడు కాగితం చీటీలకు ఎప్పుడూ లేదు. అన్నీ కదులుతున్నాయని చెవికి తెలుస్తోంది. ఒక్కొక్కటీ తీసి చదువుతున్నారు. మూడు. ఐదు. ఏడు. పది. పదకొండు.

చెంబులో మిగిలింది నా బిళ్ళ.

అన్నయ్యగారు నీళ్ళ వైపు చూస్తున్నారు. పెద్దగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. చెంబు బోర్లించి, దొర్లుకుంటూ వచ్చిన బిళ్ళను నా చేతిలో పెట్టి, “మళ్ళీ తీద్దామా అమ్మా?” అన్నారు.

బిళ్ళ అరచేతిలో పెట్టుకుని చూశాను. పొడిగా, నున్నగా ఉంది. వేలికి ఏమీ అంటలేదు.

“వద్దండి మావయ్యగారు,” అన్నాను. “ఈ ఆఖరు నాదే.”

మెట్టు ఎక్కి నిలబడి, గొంతెత్తి, నేనే అరిచాను. “ఆఖరుగారొచ్చేరండోయ్!”

పెద్దగారు ముందు నవ్వారు, తర్వాత రేవంతా నవ్వింది. మొదటి పడవ ఇంజను అందుకుంది. ఆ రోజు మధ్యాహ్నం దాకా లైఫు జాకెట్లు దులుపుకుంటూ మా మామగారి పడవలో కూర్చున్నాను, నా వంతు కోసం.